మోటార్ వేస్తే గేమ్ మధ్యలో పీసీ రీస్టార్ట్ అవుతోంది

1 హెచ్‌పీ బోరు మోటార్ వేయగానే లైట్లు డిమ్ అవుతాయి, యూపీఎస్ ఒకసారి బీప్ అంటుంది, పీసీ రీస్టార్ట్ అవుతుంది. అదీ గేమ్ ఆడుతున్నప్పుడే. బ్రౌజర్, సినిమాలప్పుడు ఏమీ కాదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండా పీసీ రీస్టార్ట్ అయిందనే ఎర్రర్) ఒక్కటే కనిపిస్తోంది.

యూపీఎస్ 600 వీఏ, 360 వాట్లు. ఎస్ఎంపీఎస్ (పీసీ లోపలి పవర్ సప్లై) 550 వాట్లది, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును మెయిన్స్ వేవ్‌కి తగ్గట్టు తీసుకునే సర్క్యూట్) ఉన్నది. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను, మానిటర్‌ని వేరే ప్లగ్‌కి మార్చాను, గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించాను. తేడా లేదు. విచిత్రం ఏంటంటే, నేరుగా గోడ ప్లగ్‌కి పెడితే రీస్టార్ట్ అవ్వదు! కానీ మా ఊళ్లో కరెంటును నమ్మి అలా వదిలేయలేను.

షాపువాళ్లు 1100 వీఏది తీసుకోమంటున్నారు, అదీ ప్యూర్ సైన్ వేవ్ (గోడ ప్లగ్ కరెంటులా నున్నటి వేవ్ ఇచ్చేది) కాదు. ఇక్కడ చాలనిది కెపాసిటీయా, లేక ఈ ఎస్ఎంపీఎస్‌కి ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్సే కావాలా?