శీలావతి చెరువులో మేత ఖర్చు తగ్గాలంటే వేరుశనగ చెక్క ఆపేయవచ్చా?

గట్టుమీద:
కైకలూరు దగ్గర 5 ఎకరాల చెరువు, నీళ్లు 5 అడుగులు. 150 గ్రాముల పిల్ల వేశాం: శీలావతి (రోహు) 10,000, బొచ్చె (కట్ల) 1,000. మొన్న వల లాగితే శీలావతి 600 గ్రాములు, బొచ్చె 800 గ్రాములు తూగాయి. రోజుకు 200 కిలోల మేత కడుతున్నాం. అందులో డీఓబీ (నూనె తీసిన తవుడు) 150, వేరుశనగ చెక్క 50, పైన ఉప్పు, మినరల్ మిక్స్చర్ కిలో చొప్పున. రంధ్రాలు పెట్టిన బస్తాల్లో పోసి నీళ్లలో వేలాడగడతాం, మొత్తం 14 బస్తాలు. మధ్యాహ్నం తీసి చూస్తే నాలుగైదు బస్తాల అడుగున మేత మిగులుతోంది. పట్టుబడికి, అంటే చేపలు పట్టి అమ్మడానికి, నాలుగు నెలలుంది. చెక్క ఆపేసి ఒట్టి డీఓబీ కడితే సరిపోతుందా? లేక తేలే గుళికల మేతకు మారమంటారా?

చెరువుచూపు:
చెక్క సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ 200 కిలోలే ఎక్కువండీ. వేసిన పిల్లలో పదో వంతు పోయిందనుకుంటే శీలావతి 9,000 × 600 గ్రాములు, అంటే 5,400 కిలోలు. బొచ్చె 900 × 800 గ్రాములు, అంటే 720. మొత్తం 6,100 కిలోల చిల్లర. మీరు కడుతున్నది బరువులో 3.3 శాతం. అర కిలో దాటిన చేపకు 2 నుంచి 2.5 శాతం చాలు. 140 కిలోలకు దించండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. మేత తగ్గించమంటే బస్తాలు తగ్గిస్తారు. అప్పుడు బలమైన చేపలే బస్తాల చుట్టూ చేరతాయి, బక్కవి వెనకబడతాయి, పట్టుబడిలో సైజు తేడా వస్తుంది. 14 బస్తాలూ ఉంచి ఒక్కోదానిలో 10 కిలోలే పోయండి. గంటలోపే అన్నీ ఖాళీ అయితే మర్నాడు 5 శాతం పెంచండి. రెండు గంటలు దాటినా మిగిలితే అంతే తగ్గించండి. ఎప్పుడూ ఒకే మూల బస్తాలు మిగులుతుంటే వాటి రంధ్రాలు పూడుకుపోయాయేమో, అక్కడ అడుగున నల్లబురద పేరుకుందేమో చూడండి. మిగిలిన తడి మేతను మర్నాటి బస్తాలో కలపొద్దు, పులిసిపోతుంది.

తెల్లవారకముందు కట్టొద్దు. ఎండ పడి నీటిలో ఆక్సిజన్ 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) దాటాక, 8 గంటల తర్వాత కట్టండి. మబ్బు పట్టిన రోజు సగమే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజు మేతే వద్దు.

తవుడు_చెక్క:
చెక్క పూర్తిగా ఆపితే నష్టమే. డీఓబీలో ప్రొటీన్ 15 శాతం దగ్గర ఉంటుంది, వేరుశనగ చెక్కలో 40 దాటుతుంది. మూడు పాళ్లకు ఒక పాలు కలిపితేనే మీ మేత 21, 22 శాతానికి వస్తోంది. ఒట్టి డీఓబీతో ఎదుగుదల మందగిస్తుంది. నాలుగు నెలల పని ఆరు నెలలైతే మిగిలిందేముంది?

దానికి బదులు రెండు రోజులు చెక్క కలిపిన మేత, మూడో రోజు ఒట్టి డీఓబీ కట్టండి. చెరువుచూపు గారు చెప్పిన 140 కిలోల లెక్కన ఇప్పుడు మూడు రోజులకు 150 కిలోలు పోతున్న చెక్క 70కి దిగుతుంది. డీఓబీ రోజున మినరల్ మిక్స్చర్ మాత్రం మానొద్దు. తవుడులోని భాస్వరం చాలావరకు చేపకు అరగని రూపంలో ఉంటుంది.

చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి. బూజు పట్టింది ఎంత చవకైనా వద్దు, దాని విషం చేప కాలేయం మీద పడుతుంది. నిల్వ బస్తాలు గోడకు ఆనించకుండా కర్ర బల్లల మీద పేర్చండి.

గట్టుమీద:
మూడు రోజులకో లెక్క అంటే పనివాళ్లు తికమకపడతారేమో. నీళ్లు మాత్రం పలచగా ఉన్నాయి, మోచేతి దాకా చెయ్యి ముంచినా వేళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

చెరువుచూపు:
షెడ్డు గోడ మీద సుద్దతో రాసి పెట్టండి, సరిపోతుంది.

నీళ్లు పలచగా ఉంటే మీ బొచ్చె కూడా బస్తాల మీదే పడుతోందన్నమాట. దానికి నీళ్లలో తేలే సూక్ష్మజీవులే (ప్లాంక్టన్) అసలు తిండి, పలచటి నీళ్లలో అవి తక్కువ. అవి పెరగడానికి ఎకరాకు 10 కిలోల సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) రాత్రి నానబెట్టి, ఎండ బాగా ఉన్న ఉదయం చల్లండి. సున్నం వేసి ఉంటే వారం ఆగాల్సిందే, లేకపోతే భాస్వరం సున్నంతో కలిసి అడుక్కి దిగిపోతుంది. మోచేతి లోతులో అరచెయ్యి మసకగా కనిపిస్తే చాలు. ముదురు పచ్చగా మారితే ఎరువు ఆపండి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది.

గుళికల_లెక్క:
గుళికల మాటకొస్తే ధర ఒక్కటే చూడకూడదు. కిలో ధరను, కిలో చేపకు పట్టే మేతతో గుణించండి. డీఓబీ, చెక్క మిశ్రమం కిలో 22 రూపాయలై మూడున్నర కిలోలు పడితే 77. గుళికలు 45 రూపాయలై 1.6 కిలోలు పడితే 72. ఇవి మచ్చుకే, మీ ఊరి ధరలు వేసుకోండి. తేడా ఇంత తక్కువ ఉంటే సగం పంటలో మారొద్దు. బస్తాకు అలవాటైన శీలావతి పైకొచ్చి తినడానికి వారం, పది రోజులు పడుతుంది, ఈలోగా గాలికి గుళికలు గట్టుకు కొట్టుకుపోతాయి. చెరువులో జిలేబీ చేపలు (తిలాపియా) ఉంటే ముందు అవే మింగుతాయి. మారాలనుకుంటే వచ్చే పంటకు, పిల్ల దశ నుంచే అలవాటు చేయండి.

ఇంకోటి, ఈసారి వల లాగినప్పుడు రెక్కల మొదళ్లలో చేప పేను (ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పురుగు) ఉందేమో చూడండి. పేను పట్టిన చేప మేతకు రాదు. మీ బస్తాల్లో మిగులుకు అదీ ఒక కారణం కావచ్చు.