డౌన్‌లోడ్ చేసుకుంటే దొంగతనమేనా?

మేఘరాగం:
నిన్న ఒక గ్రూపులో విడుదలై మూడు రోజులు కూడా కాని సినిమా లింక్ పెట్టారు. ఇలాంటివి పెట్టొద్దు, ఇది దొంగతనం అని రాశాను. వెంటనే ఒక స్నేహితుడు "నీ బండి ఎవడైనా ఎత్తుకుపోతే నీకు బండి ఉండదు, నేను కాపీ చేసుకుంటే నిర్మాత దగ్గర సినిమా లేకుండా పోయిందా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. తప్పని గట్టిగా అనిపిస్తోంది, ఎందుకు తప్పో మాత్రం సరిగ్గా చెప్పలేకపోతున్నాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

చట్టంమాట:
మీ స్నేహితుడి మాటను చట్టం కూడా పూర్తిగా కొట్టిపారేయదు. అనుమతి లేకుండా రికార్డులు తయారుచేసి పోస్టులో అమ్మిన ఒకతని కేసు 1985లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది కాపీరైట్ ఉల్లంఘనే గానీ, దొంగసొత్తు రవాణా చట్టం కింద శిక్ష వేయడం కుదరదని కోర్టు చెప్పింది. అంటే తప్పు కాదని కాదు, వేరే రకం తప్పని.

ఒక్కో దేశం ఒక్కోలా చూస్తుంది. స్విట్జర్లాండ్‌లో సొంతంగా చూసుకోవడానికో వినడానికో డౌన్‌లోడ్ చేసుకుంటే నేరం కాదు, అప్‌లోడ్ చేస్తే తప్పు. యూరోపియన్ యూనియన్ కోర్టు మాత్రం సొంత వాడకానికైనా దొంగ కాపీ నుంచి తీసుకోకూడదని 2014లో, స్ట్రీమింగ్‌కి కూడా మినహాయింపు లేదని 2017లో చెప్పింది. ఇక టొరెంట్, అంటే వాడేవాళ్లే ఒకరి నుంచి ఒకరు ఫైళ్లు తీసుకునే పద్ధతి, దాని సంగతి చాలామందికి తెలియదు. ఫైల్ మీకు ముక్కలుగా వస్తూనే, వచ్చిన ముక్కలు మీ కంప్యూటర్ నుంచి ఇంకొకరికి వెళ్తుంటాయి, కాబట్టి నేను తీసుకున్నానంతే, పంచలేదు అనడానికి వీల్లేదు. అమెరికాలో 24 పాటలు పంచుకున్నందుకు ఒక మహిళ 19.2 లక్షల డాలర్లు కట్టాలని 2009లో జ్యూరీ అంది, చివరికి 2012లో అప్పీలు కోర్టు 2,22,000 డాలర్లు ఖాయం చేసింది. చట్టం చదివినవాణ్నే అయినా ఇది న్యాయమని నేను అనలేను.

కత్తెరబల్ల:
నేను సినిమాలకు ఎడిటింగ్ చేస్తాను. బండి పోలిక దగ్గరే అసలు పొరపాటు ఉంది. బండి ఒక్కొక్కటీ తయారుచేయడానికి ఖర్చవుతుంది. సినిమాకి అలా కాదు, ఖర్చంతా మొదటి కాపీ తయారయ్యేలోపే అయిపోతుంది, ఆ తర్వాత ఎన్ని కాపీలు తీసినా ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. మీ స్నేహితుడు ఆ తర్వాతి కాపీల గురించి మాట్లాడుతున్నారు. మా జీతాలు, లైట్‌మన్ బత్తా, డబ్బింగ్, మిక్సింగ్, తెచ్చిన అప్పు మీద వడ్డీ, అన్నీ మొదటి కాపీలోనే ఉన్నాయి. చూసేవాళ్లు తలా కొంచెం ఇస్తేనే ఆ ఖర్చు తిరిగొస్తుంది. నేను ఇవ్వను, చూస్తాను అంటే మీ వాటా మిగతా ప్రేక్షకుల మీదో మా మీదో పడుతుంది.

నేను పనిచేసిన ఒక చిన్న సినిమా విడుదలైన రోజు సాయంత్రానికే దొంగ కాపీగా నెట్‌లోకి వచ్చేసింది. చాలా బావుందని, ఫ్రీగా చూశామని నాకే మెసేజ్ పెట్టారు కొందరు. మాకు ఆఖరి విడత డబ్బులు రాలేదు. అంతా పైరసీ వల్లే అని నేననను, సినిమా అంతంతమాత్రంగానే ఆడుతోంది. కానీ రెండో వారం దాకా నిలబడే అవకాశం కూడా దానికి లేకుండా పోయింది.

పాతరీళ్లు:
కత్తెరబల్ల గారూ, మీ బాధ అర్థమైంది, అందులో వాదించడానికేమీ లేదు. కానీ కొత్త సినిమానీ ఎక్కడా దొరకని పాత రికార్డునీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. డబ్బు పట్టుకుని తిరిగినా అమ్మేవాడు లేనప్పుడు ఏం చేయాలి? 1922లో జర్మనీలో ఒక మూకీ సినిమా వచ్చింది, ఒక ఇంగ్లిష్ నవలను అనుమతి లేకుండా తీశారు. రచయిత భార్య కేసు వేస్తే కాపీలన్నీ నాశనం చేయమని 1925లో కోర్టు ఆదేశించింది. ఎక్కడెక్కడో మిగిలిపోయిన కాపీల వల్లే ఇవాళ ఆ సినిమా ఉంది. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో వచ్చిన మూకీ ఫీచర్ సినిమాల్లో అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. హక్కులున్నవాళ్లు భద్రంగా దాచుకుంటారన్న నమ్మకం నాకు లేదు.

యూరోపియన్ కమిషన్ చేయించిన ఒక అధ్యయనం కూడా చూడండి, 2017లో బయటికొచ్చింది. పాటలు, పుస్తకాల అమ్మకాలు పైరసీ వల్ల పడిపోయాయని గట్టి ఆధారం దొరకలేదు. కొత్తగా వచ్చిన పెద్ద సినిమాల విషయంలో మాత్రం 10 సార్లు దొంగచాటుగా చూస్తే సక్రమంగా చూసేవి 4 తగ్గాయట.

కత్తెరబల్ల:
ఆ 4 దగ్గరే కదండీ మా బతుకు! పాత సినిమాల మీద మీతో గొడవ లేదు, వాటిని దాచినవాళ్లకు నిజంగా రుణపడి ఉన్నాం. కానీ ఆ వాదన వాడేవాళ్లలో ఎక్కువమంది వెతికేది 1922 సినిమాని కాదు, నిన్నటి సినిమాని. ఫలానా ఓటీటీలో ఉంది, దానికి నాకు సబ్‌స్క్రిప్షన్ లేదు అనడం వేరు, ఎక్కడా దొరకదు అనడం వేరు. పైగా దొంగ కాపీలు పెట్టే సైట్లు ఉచితంగా సేవ చేస్తున్నాయనుకోకండి. 2012లో మెగాఅప్‌లోడ్ అనే ఫైల్ షేరింగ్ సైట్‌ని మూయించినప్పుడు, అది 17.5 కోట్ల డాలర్లకు పైగా సంపాదించిందని అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. అందులో తీసినవాళ్లకు వచ్చింది సున్నా.

మేఘరాగం:
ఇప్పుడు నా స్నేహితుడికి చెప్పడానికి మాట దొరికింది, మొదటి కాపీ సంగతి అలాగే పంపాను. "ఆలోచిస్తాను" అన్నాడు, లింక్ మాత్రం ఇంకా తీయలేదు.

ఇంకొకటి అడగాలి. నా దగ్గర ఒక పాత ఆల్బం ఉంది, ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించినది. ఆ కంపెనీ మూతపడింది, ఎక్కడా అమ్మకానికి లేదు. పదేళ్లుగా వింటున్నాను. పాడినావిడ ఇంకా ఉన్నారని ఈమధ్యే తెలిసింది. ఆమెకు నేరుగా డబ్బు పంపితే సరిపోతుందా?

చట్టంమాట:
చట్టప్రకారం సరిపోకపోవచ్చు. రికార్డింగ్ హక్కులు సాధారణంగా పాడినవాళ్ల దగ్గర ఉండవు, కంపెనీ మూతపడినా ఆ హక్కులు ఇంకెవరి చేతికో వెళ్లి ఉండొచ్చు.

కత్తెరబల్ల:
అయినా పంపండి. ఏ పాట కోసం పంపుతున్నారో, ఎన్నేళ్లుగా వింటున్నారో కూడా రాయండి.