మూడో వంతు మంది వేసే ఓటుతో ఊరి ప్లాన్‌కి చట్టబలం ఇవ్వవచ్చా? (ఇంగ్లండ్ నైబర్‌హుడ్ రెఫరెండంలు)

గోదారిగట్టు

మా టౌన్‌లో త్వరలో నైబర్‌హుడ్ ప్లాన్ మీద రెఫరెండం ఉంది. పోలింగ్ కార్డులు ఇళ్ళకి వచ్చేశాయి. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే చాలామంది "అది ఇక్కడివాళ్ళ గొడవ, మనకెందుకు" అన్నారు. ఒకాయన మాత్రం గట్టిగా వాదించారు. ఊళ్ళో మూడో వంతు మంది కూడా రాని ఓటింగ్‌తో అందరి మీదా ఒక చట్టం రుద్దడం అన్యాయం అని ఆయన మాట. దాని మీద ఇక్కడ వివరంగా మాట్లాడుకోవాలని ఈ థ్రెడ్.

తెలియనివారి కోసం కొంచెం చెప్తాను. 2011 లోకలిజం చట్టంతో ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి వచ్చింది. పారిష్ (ఊరి స్థాయి చిన్న కౌన్సిల్) లేదా టౌన్ కౌన్సిల్ ఉన్నచోట అది, లేనిచోట కనీసం 21 మందితో ఏర్పడిన నైబర్‌హుడ్ ఫోరం, తమ ఏరియాకి ప్లాన్ రాసుకోవచ్చు. కొత్త ఇళ్ళు ఎక్కడ రావాలి, ఎలాంటివి రావాలి, ఏ మైదానం జోలికి పోకూడదు, అన్నీ అందులో ఉంటాయి. ముసాయిదా మీద ఆరు వారాలు జనం అభిప్రాయాలు తీసుకుంటారు. పైస్థాయిలో ప్లానింగ్ చూసే పెద్ద కౌన్సిల్‌కి ఇచ్చాక మళ్ళీ ఆరు వారాలు. తర్వాత స్వతంత్ర ఎగ్జామినర్ చూస్తారు. చివర్న ఓటింగ్. ప్రశ్న ఒక్కటే: ఈ ఏరియాలో ప్లానింగ్ అప్లికేషన్లు (కట్టడాల అనుమతి దరఖాస్తులు) తేల్చడానికి కౌన్సిల్ ఈ ప్లాన్‌ని వాడుకోవాలా, వద్దా? ఓటేసినవాళ్ళలో సగం కంటే ఎక్కువమంది అవునంటే పాస్. కనీసం ఇంతమంది రావాలన్న నిబంధన లేదు. పాసయ్యాక అది డెవలప్‌మెంట్ ప్లాన్‌లో, అంటే ఆ ప్రాంతపు అధికారిక ప్లానింగ్ పత్రాల్లో భాగం. బలమైన కారణం ఉంటే తప్ప అప్లికేషన్లను దాని ప్రకారమే తేల్చాలి.

నా మాట సూటిగా చెప్తున్నాను. ఈ ఓటు ఉండాలి, దానికి చట్టబలమూ ఉండాలి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని థేమ్ చూడండి. ఆ టౌన్‌కి 775 కొత్త ఇళ్ళు రావాలని జిల్లా కౌన్సిల్ నిర్ణయించింది, వాటిలో ఎక్కువభాగం ఒకేచోట కట్టాలనుకుంది. ఊరివాళ్ళు ఇళ్ళు వద్దనలేదు. అన్నీ ఒక మూలన కుప్పపోస్తే అది వేరే ఊరైపోతుంది, టౌన్ చుట్టూ వేర్వేరు చోట్ల సర్దండి అన్నారు. అలాగే ప్లాన్ రాసుకున్నారు. 2013 మేలో ఓటు పెడితే నాలుగింట మూడొంతుల మంది అవునన్నారు. ఇళ్ళ సంఖ్య తగ్గలేదు, చోటు మారింది. స్కూలుకి నడిచి వెళ్ళగలమా లేదా అన్నది ఈ చోటు మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని తేల్చే హక్కు ఊరికి కాక ఇంకెవరికి ఉండాలి?

అద్దె_ఇంటి_నుంచి

గోదారిగట్టు గారూ, మీరు మంచి ఉదాహరణే ఏరుకున్నారు. అన్ని ఊళ్ళూ థేమ్ కావు.

నేను పదేళ్ళకు పైగా ఈ దేశంలో అద్దె ఇళ్ళలోనే ఉంటున్నాను. ఇప్పుడున్న ఊళ్ళో ప్లాన్ తయారీ సమావేశాలకి వెళ్ళాను. అక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళు, సొంతిల్లు ఉన్నవాళ్ళు, అప్పు ఎప్పుడో తీరిపోయినవాళ్ళు. చెడ్డవాళ్ళు కాదు, టీ ఇచ్చి కూర్చోబెట్టారు. కానీ చర్చంతా వ్యూ పోతుందని, ట్రాఫిక్ పెరుగుతుందని, ఊరి "లుక్" మారుతుందని. చిన్న ఫ్లాట్లు కావాలి, అద్దెకి దొరికే ఇళ్ళు కావాలి అని నేనంటే ఒకావిడ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ముసాయిదాలో ఆ మాట ఎక్కడా కనబడలేదు.

అసలు లోపం పోలింగ్ శాతం కంటే లోతుగా ఉంది. కట్టబోయే ఇంట్లో ఉండాల్సిన మనిషి ఓటర్ల జాబితాలో ఉండడు. వాడు పక్క టౌన్‌లో షేరింగ్ రూమ్‌లో ఉంటాడు, లేదా పెళ్ళయ్యి కూడా అమ్మానాన్నల ఇంట్లో ఉంటాడు. ఇల్లు ఉన్నవాడు ఓటేసి ఇల్లు లేనివాడి గురించి తేలుస్తాడు. దీనికి చట్టబలం ఇవ్వడం అంటే ఉన్నవాళ్ళ చేతికి తాళం ఇవ్వడమే.

సమ్మె చెయ్యాలంటే కార్మికుల్లో కనీసం 50 శాతం బ్యాలెట్‌లో పాల్గొనాలని 2016లో చట్టం పెట్టారు. కార్మికుడికి ఒక న్యాయం, ఇంటి ఓనర్లకి ఇంకో న్యాయమా?

ప్లానింగ్_టేబుల్

నేను ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ ప్లానింగ్ విభాగంలో పనిచేశాను. ఈ ప్లాన్లు చాలా నా టేబుల్ మీదికి వచ్చాయి. అద్దె_ఇంటి_నుంచి గారి బాధ నిజం. కానీ ఒక విషయం సరిచేయాలి. పెద్ద కౌన్సిల్ తన ప్రాంతం మొత్తానికి రాసే లోకల్ ప్లాన్ చెప్పిన ఇళ్ళ సంఖ్యని నైబర్‌హుడ్ ప్లాన్‌తో తగ్గించడం కుదరదు. ఆ ప్లాన్‌లోని ముఖ్య విధానాలకి ఎదురు వెళ్తే ఎగ్జామినర్ దగ్గరే ఆగిపోతుంది, ఓటింగ్ దాకా రాదు. అంటే ఇళ్ళు కావాలా వద్దా అన్నది ఓటర్ల చేతిలో లేదు. ఎక్కడ, ఏ సైజు, ఏ పద్ధతి అన్నది మాత్రమే ఉంది.

డబ్బు సంగతి కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త కట్టడాల మీద కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ వసూలు చేసే చోట, మామూలుగా అందులో 15 శాతం పారిష్‌కి వస్తుంది, దానికి పరిమితి కూడా ఉంది. ప్లాన్ రెఫరెండంలో పాసైన పారిష్‌కి 25 శాతం, పరిమితి లేకుండా. పార్కు, ఫుట్‌పాత్, కమ్యూనిటీ హాలు దీంట్లోంచే వస్తాయి. ఇళ్ళు వస్తేనే ఆ డబ్బు వస్తుంది కాబట్టి, కట్టనివ్వడానికి ఊరికి ఒక కారణం దొరికినట్టే.

మొదటి రెఫరెండం కంబ్రియాలోని అప్పర్ ఈడెన్‌లో, 2013 మార్చిలో జరిగింది. 17 పారిష్‌లు కలిసి రాసుకున్న ప్లాన్. పోలింగ్ దాదాపు మూడో వంతు, అవునన్నవాళ్ళు తొంభై శాతం. ఆ ప్లాన్‌లో ఎక్కువ భాగం కట్టనివ్వడం గురించే. రైతుల పిల్లలు పొలం దగ్గరే ఇల్లు కట్టుకోవడం సులువు కావాలన్నది వాళ్ళ ఆరాటం. అప్పట్నుంచీ వెయ్యికి పైగా ప్లాన్లు రెఫరెండంలో పాసయ్యాయి. కాదన్నవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2016లో డెర్బీషైర్‌లోని స్వాన్‌విక్ మొదటిది.

అద్దె_ఇంటి_నుంచి

వెయ్యికి పైగా అవును, కాదన్నవి కొన్నే. ఇది మీకు విజయంగా కనిపిస్తోందా? నాకైతే అక్కడ ఎంపిక అనేదే లేదని కనిపిస్తోంది. ప్లాన్ రాసినవాళ్ళే వచ్చి ఓటేసి వెళ్ళిపోతున్నారు.

కార్న్‌వాల్_గాలి

కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ ప్రస్తావన లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. నేను ఆ పక్కనే ఉంటున్నాను.

సముద్రం ఒడ్డున అందమైన టౌన్. 2011 జనగణన నాటికి ఆ ప్లాన్ ఏరియాలో నాలుగింట ఒక ఇంట్లో స్థిర నివాసం ఉండేవాళ్ళు లేరు. అవి బయటివాళ్ళ సెలవు ఇళ్ళు, హాలిడే లెట్లు (సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకిచ్చే ఇళ్ళు). చలికాలంలో కొన్ని వీధుల్లో లైట్లే వెలగవు. ఇక్కడే పుట్టి హోటళ్ళలో, స్కూళ్ళలో పనిచేసేవాళ్ళు ఊరికి దూరంగా ఇల్లు వెతుక్కోవాలి. దాంతో ప్లాన్‌లో ఒక షరతు పెట్టారు: మార్కెట్లో అమ్మే కొత్త ఇల్లు ఏదైనా, కొన్నవాళ్ళకి అదే ముఖ్య నివాసం కావాలి. 2016 మేలో ఓటు పెడితే 83 శాతం అవునన్నారు. పోలింగ్ సగానికి దగ్గరగా, 47 శాతం దాకా వచ్చింది. తమ బతుకుని తాకే ప్రశ్న అయితే జనం వస్తారు. ఒక బిల్డింగ్ కంపెనీ హైకోర్టుకి వెళ్ళింది. ఆ ఏడాది నవంబర్లో కోర్టు ఊరి పక్షానే తీర్పిచ్చింది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే నేను సగమే చెప్పినట్టు. కొత్త ఇళ్ళు దొరకకపోయేసరికి సెలవు ఇల్లు కావాలనుకున్నవాళ్ళు పాత ఇళ్ళ మీద పడ్డారు. షరతు కొత్తవాటికే వర్తిస్తుంది కదా. కొత్తగా కట్టడం మీద డెవలపర్లకీ ఆసక్తి తగ్గింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు దీన్ని పరిశీలించి ఇలాగే చెప్పారు. ఓటర్ల ఉద్దేశం న్యాయమైనది, నేను ఇప్పటికీ వాళ్ళ పక్షమే. కానీ పాత ఇళ్ళ అమ్మకాల మీద ప్లానింగ్ చట్టానికి పట్టు లేదు. ఎంతమంది అవునన్నా చట్టం ఇవ్వని అధికారం ఓటుతో రాదు.

కొత్తగా_వచ్చాను

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను, ఇండియన్ పాస్‌పోర్టే. నాకు ఓటు ఉంటుందా?

ప్లానింగ్_టేబుల్

ఉంటుందండీ. కామన్వెల్త్ దేశాల పౌరులు, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసిస్తుంటే, లోకల్ ఎన్నికల జాబితాలో చేరవచ్చు. రెఫరెండంలో ఓటు ఆ జాబితాలో ఉన్నవాళ్ళకే, అదీ ఆ ఏరియా అడ్రస్ ఉంటేనే. అద్దెకున్నా, సొంతమైనా తేడా లేదు. ఓటింగ్‌కి 12 పనిదినాల ముందులోగా ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. 2023 నుంచి బూత్‌లో ఫొటో ఐడీ చూపించాలి, ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది.

పాత_లెస్టర్

దీన్ని పెద్ద అక్షరాలతో రాసి ప్రతి తెలుగు సంఘం గ్రూపులోనూ పెట్టాలి. ఉగాది కార్యక్రమానికి వందలమంది వస్తాం, పారిష్ సమావేశానికి ఒక్కరం కనిపించం. తర్వాత "మాకు ఇళ్ళు లేవు, మా పిల్లలకి స్కూల్ ప్లేస్ లేదు" అంటాం.

ఓటుకి విలువ లేదనేవాళ్ళకి మా జిల్లా సంగతి ఒకటి. బ్రాటన్ ఆస్ట్లీ అనే ఊరికి 2014 మొదట్లో ప్లాన్ వచ్చింది. ప్లాన్‌లో లేని స్థలంలో 111 ఇళ్ళు కడతామని ఒకరు అప్పీల్‌కి వెళ్ళారు. జిల్లా కౌన్సిల్ చూపించాల్సిన ఐదేళ్ళకి సరిపడా ఇళ్ళ స్థలాలు లేవు, అలాంటప్పుడు మామూలుగా బిల్డర్ వాదనకే బలం. అయినా అప్పటి మంత్రి ఎరిక్ పికిల్స్ ఊరి ప్లాన్‌కి ఎక్కువ విలువిచ్చి అప్పీల్ తోసిపుచ్చారు. 2015లో హైకోర్టూ దాన్ని నిలబెట్టింది.

మన దగ్గర కామారెడ్డి గుర్తుందా? 2023 జనవరిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆందోళన పెరిగాక మున్సిపల్ కౌన్సిల్ వెనక్కి తగ్గుతూ తీర్మానం చేసింది. అక్కడ అభ్యంతరం రాసివ్వడానికే వీలుంది, ఓటు లేదు. ఇక్కడ ఉంది. ఉన్నదాన్ని చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంటుంది.

గోదారిగట్టు

పోలింగ్ శాతం మీద నా జవాబు. కనీస పోలింగ్ పెడితే ఏమవుతుందో ఈ దేశమే ఒకసారి చూసింది. 1979లో స్కాట్లాండ్‌కి సొంత అసెంబ్లీ కావాలా అన్న రెఫరెండంలో ఓటేసినవాళ్ళలో 51.6 శాతం అవునన్నారు. కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం అవునని ఉండాలన్న షరతు వల్ల, అది 32.9 దగ్గర ఆగి, ఓడిపోయింది. ఓటు వెయ్యకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా "కాదు" కింద లెక్కయ్యారు. నైబర్‌హుడ్ ప్లాన్‌కి అలాంటిది పెడితే వ్యతిరేకులు ప్రచారమే చెయ్యక్కర్లేదు, ఎవరినీ రావద్దని చెప్తే చాలు. 2012లో పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్లు (పోలీసు శాఖ పనిని పర్యవేక్షించేవాళ్ళు) దాదాపు 15 శాతం పోలింగ్‌తో ఎన్నికయ్యారు. అయినా వాళ్ళ అధికారం చెల్లింది కదా?

కానీ కట్టబోయే ఇంట్లో ఉండేవాడికి ఓటు లేదన్న మాట దగ్గర నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటాను. లోకల్ ప్లాన్ సంఖ్యని ముట్టుకోలేరు అన్న కట్టుబాటు కొంతవరకు వాళ్ళని కాపాడుతుంది. మిగతాది ముసాయిదా దశలో ఎవరు కూర్చున్నారన్న దాని మీద ఉంది. అందుకే 2025 జూన్‌లో ప్రభుత్వం ఈ ప్లాన్లకి ఇచ్చే జాతీయ సహాయ నిధిని ఆపేయడం నాకు కోపం తెప్పించింది. రిటైరైన ఆర్కిటెక్టులు, లాయర్లు ఉన్న పల్లెలు నిధి లేకపోయినా రాసుకుంటాయి. అద్దెకుండేవాళ్ళు, షిఫ్టు పనులు చేసేవాళ్ళు ఎక్కువగా ఉన్న టౌన్ వార్డులకి కన్సల్టెంట్ ఖర్చు ఎవరిస్తారు? ముందునుంచే ఈ ప్లాన్లు స్తోమత ఉన్న గ్రామీణ పారిష్‌లలోనే ఎక్కువ. ఇప్పుడు ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

అద్దె_ఇంటి_నుంచి

నిధి విషయంలో మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తాను. స్కాట్లాండ్ ఉదాహరణ కూడా ఆలోచించాల్సిందే, కనీస పోలింగ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ చట్టబలం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. జాతీయ ప్లానింగ్ విధానంలో ఇంకో నియమం ఉంది. ఇళ్ళ స్థలాలు కూడా కేటాయించిన నైబర్‌హుడ్ ప్లాన్ ఉంటే, కౌన్సిల్ సరిపడా ఇళ్ళు కట్టించలేకపోతున్నా, ప్లాన్‌కి ఎదురెళ్ళే అప్లికేషన్ల నుంచి ఆ ఊరికి రక్షణ ఉంటుంది. ముందు రెండేళ్ళుండేది, 2023 డిసెంబర్లో ఐదేళ్ళు చేశారు. ఒకవైపు ప్రభుత్వం 15 లక్షల ఇళ్ళు కడతామంటూ, ఇంకోవైపు ఒక్కసారి ఓటేసిన ఊరికి ఐదేళ్ళు రక్షణ. ఆ ఐదేళ్ళూ అద్దె కట్టేది మాలాంటివాళ్ళం. ముసాయిదా దశలో అద్దెదారుల అవసరాన్ని కొలిచి, దానికి సరిపడా చిన్న ఇళ్ళు చూపించాలని చట్టంలో రాస్తే, అప్పుడు ఈ రక్షణకి నేను ఒప్పుకుంటాను.

ప్లానింగ్_టేబుల్

ఆ చివరి సూచన మంచిది. చట్టం మారేదాకా ఆగక్కర్లేదు కూడా. ఊరి ఇళ్ళ అవసరాల అంచనా తయారుచేసే ప్లాన్లు ఇప్పటికే ఉన్నాయి, అందులో అద్దె ఇళ్ళ లెక్క, చిన్న ఇళ్ళ లెక్క ఉంటాయి. ఆరు వారాల గడువులో రాతపూర్వకంగా ఆ డిమాండ్ పంపితే, దానికి ఏం చేశారో ప్లాన్‌తో పాటు ఇచ్చే కన్సల్టేషన్ స్టేట్‌మెంట్‌లో చెప్పాలి. మీ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నారన్నారు కదా, ఈసారి ఈమెయిల్‌లో పంపండి.

కొత్తగా_వచ్చాను

రిజిస్టర్ చేసుకున్నాను. మా పారిష్‌లో ముసాయిదా ఇంకా ఆరు వారాల దశలోనే ఉందట. అద్దె_ఇంటి_నుంచి గారూ, మీరు సమావేశంలో అడిగిన విషయాలు ఇక్కడ పెడతారా? మా ఏరియాకి తగ్గట్టు మార్చి పంపుతాను.