అనంతపురంలో పాత స్పీకర్లు, కొత్త మినీ యాంప్: 300 వాట్లు నిజమేనా?

బండల_ఇల్లు (అనంతపురం):

అందరికీ నమస్తే. మా నాయన దగ్గర పాత అసెంబుల్డ్ సెట్ ఒకటి ఉంది, ఇరవై ఏళ్ల కింద ఇక్కడే ఒక మెకానిక్ చేసిచ్చినాడు. చెక్క డబ్బాల్లో రెండు స్పీకర్లు, ఆరున్నర అంగుళాల ఊఫరు, పైన చిన్న ట్వీటరు, వెనక 8 ఓమ్స్ అని రాసుంది. యాంప్ ఏమో రేకు పెట్టె, లోపల 4440 బోర్డు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్. స్పీకర్లకు ఇప్పటికీ ఢోకా లేదు కానీ యాంప్ ఆన్ చేస్తే పాట కంటే ముందు గుయ్‌మని మోత, వాల్యూమ్ సున్నాకు తిప్పినా ఆ మోత పోదు. నాయన దాన్ని పారేయనివ్వడు, వినలేక తిట్టుకుంటూ వింటాడు.

ఆన్‌లైన్‌లో చూస్తే అరచేతిలో పట్టే డబ్బాలు, బ్లూటూత్ ఉన్నవి, డిజిటల్ యాంప్ అని బోలెడున్నాయి. ఒకదాని మీద 50+50 వాట్స్, ఇంకోదాని మీద 100+100, ఇంకోదాని మీద ఏకంగా 300+300. రేట్లలో తేడా మాత్రం అంతగా లేదు. టిఫిన్ బాక్సంత లేని డబ్బా 300 వాట్లు ఎట్లా ఇస్తుందన్నా? ఇస్తే నా స్పీకర్లు బతుకుతాయా? గది 12 బై 14, కింద కడప బండలు, మా బడ్జెట్ రూ.4000 లోపు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఛార్జర్ 19 వోల్టులది ఒకటి, సెట్ టాప్ బాక్స్ అడాప్టర్ 12 వోల్టులది ఒకటి ఊరికే పడున్నాయి, వాటితో నడుస్తుందంటే అడాప్టర్ డబ్బులు మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు కూడా ఏదైనా దారి ఉంటే చెప్పండి.

బురుజు_పక్కన (కర్నూలు):

తమ్ముడూ, డబ్బా మీద రాసింది చదవడం మానేసి దాంతో వచ్చే అడాప్టర్ స్టిక్కర్ చదువు. 24 వోల్ట్స్, 4.5 ఆంప్స్ అని ఉందనుకో, రెండూ గుణిస్తే 108 వాట్లు. లోపలికి పోయేదే 108 అయితే బయటికి 600 యాడ నుంచి వస్తాయి? వెనకటి టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠమంటూ వేసే అంకె) అని వేలల్లో వాట్లు కొట్టేవాళ్లు చూడు, ఇది దాని తమ్ముడే.

ఇంకా సులువు లెక్క చెప్తా. ఈ చిన్న డబ్బాల్లో స్పీకర్ రెండు వైర్లనూ ఐసీ (లోపలి చిప్) నే తోస్తుంది, అందుకని సప్లై ఎంత వోల్టేజో స్పీకర్ మీద అలలు దాదాపు అంతవరకే లేస్తాయి. వోల్టేజిని దాంతోనే గుణించి, ఓమ్స్‌కు రెట్టింపుతో భాగించు. నీ 8 ఓమ్స్ స్పీకర్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెడితే 9 వాట్లు, 19 వోల్టుల ఛార్జర్ పెడితే ఇరవై రెండున్నర, 24 వోల్టులు పెడితే 36. ఇవి కూడా పై హద్దు, అసలులో కొంచెం తగ్గుతాయి. అదే 4 ఓమ్స్ స్పీకరయితే లెక్కలో రెట్టింపు వస్తుంది, అందుకే కంపెనీలన్నీ 4 ఓమ్స్ అంకెనే అట్టపెట్టె మీద వేస్తాయి.

నీ బడ్జెట్‌లో ఎక్కువగా దొరికేవి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116 ఐసీతో చేసినవి. అది నాలుగున్నర నుంచి 26 వోల్టుల దాకా ఏ డీసీ మీదైనా నడుస్తుంది, 21 వోల్టుల మీద 4 ఓమ్స్‌కు 50+50 ఇస్తుందని వాళ్ల సొంత కాగితంలోనే ఉంటుంది. 300 అని రాసే డబ్బాల్లో ఉండేది టీపీఏ3255. ఆ ఐసీ అబద్ధం కాదు, 315 వాట్లు నిజంగానే ఇస్తుంది, కానీ ఎప్పుడు? యాభై వోల్టులు దాటిన సప్లై ఇచ్చి, 4 ఓమ్స్ స్పీకర్ పెట్టి, శబ్దంలో 10 శాతం పాడైనా పర్వాలేదనుకున్నప్పుడు. ఫోసీ వీ3, ఐయిమా ఏ07 లాంటి యాంపులు దాని మీదే కట్టినవి, మంచివే, కానీ వాటికి తగ్గ 32 లేదా 48 వోల్టుల అడాప్టర్ కూడా లెక్కేస్తే నీ బడ్జెట్ దాటొచ్చు. నీ స్పీకర్లకు ఆ అవసరం కూడా లేదు.

అసలు సంగతి ఇక్కడుంది. మీ నాయన పెట్టెలోని 4440 అంటే సాన్యో ఎల్ఏ4440. కారు స్టీరియోల కోసం చేసిన ఐసీ. అది ఇచ్చేది ఛానెల్‌కు 6 వాట్లు, అదీ 4 ఓమ్స్ మీద. నీ 8 ఓమ్స్ మీద ఇంకా తక్కువ. ఇన్నేళ్లు మీ ఇల్లంతా మోగింది ఆ వాట్లతోనే.

ఇంకోటి, డిజిటల్ యాంప్ అని అందరూ అంటారు గానీ ఈ చిన్న డబ్బాల రకం పేరు క్లాస్ డీ, అందులో డీ అంటే డిజిటల్ కాదు, ఏ, బీ, సీ అయిపోయినాక వచ్చిన అక్షరం అంతే. పాత క్లాస్ ఏబీ యాంపులో ట్రాన్సిస్టర్లు సగం తెరుచుకుని, మిగిలిన కరెంటును వేడిగా పారేస్తూ పనిచేస్తాయి. ఇందులో పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్, సెకనుకు లక్షల సార్లు. ఆ ఆన్‌లో ఎంతసేపుందనేదే పాట. బయటికి పోయేముందు ఒక కాయిల్, ఒక కండెన్సర్ ఆ కొట్టుకోవడాన్ని వడగట్టి పాటను మాత్రం స్పీకర్‌కు పంపుతాయి. పోయే కరెంటులో తొంభై శాతం దాకా స్పీకర్‌కే చేరుతుంది కాబట్టి హీట్‌సింక్ బొటనవేలంత ఉన్నా సరిపోతుంది. అయినా మన అనంతపురం ఏప్రిల్ వేరే సంగతి, దాన్ని అద్దాల షోకేసులో పెట్టి తలుపేయొద్దు.

సోల్డరింగ్_మామ (ప్రొద్దుటూరు):

పైన తమ్ముడు చెప్పిన లెక్కంతా కరెక్టే, కాదనను. కానీ అందరూ కొత్తది కొనమనేవాళ్లే, పాతదానికి రోగమేందని అడిగేవాడు లేడు. వాల్యూమ్ సున్నాలో కూడా గుయ్‌మంటోందంటే అది పాటతో వచ్చే మోత కాదు, సప్లై మోత. డయోడ్ల పక్కన లావుగా నిలబడే ఫిల్టర్ కండెన్సర్ ఉంటుంది చూడు, 2200 గానీ 4700 గానీ మైక్రోఫారడ్, 25 వోల్టులు. ఇరవై ఏళ్లకు లోపలి తడి ఎండిపోతుంది, మన ఎండలకు ఇంకా తొందరగా. పైమూత ఉబ్బిందా, కాళ్ల దగ్గర గోధుమరంగు జిగురు కారిందా చూడు. మార్చితే చాయ్, బజ్జీల ఖర్చంత పని. ప్లగ్గు పీకి చెయ్యాల, ట్రాన్స్‌ఫార్మర్ మొదటి వైపు 230 ఉంటుంది, దాంతో సరసాలొద్దు. ప్లస్, మైనస్ తిప్పి పెడితే టపాకాయే.

మినీ యాంప్ కొంటే మాత్రం ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకో. పాత సెట్లలో రెండు స్పీకర్ల మైనస్‌లను ఒకటే వైరుగా కలిపేసేవాళ్లం, వైరు మిగులుతుందని, మేమే చేసినాం. 4440 లో మైనస్ అంటే బాడీనే కాబట్టి నడిచింది. ఈ కొత్త బోర్డుల్లో మైనస్ అనే మాటే అబద్ధం, రెండు కాళ్లూ ప్రాణమున్నవే. ఒకసారి ఒక గిరాకీ పాత స్పీకర్లకు చైనా బోర్డు బిగించి ఇచ్చినా, మూడు వైర్లే వస్తుంటే చూసుకోకుండా కలిపేసినా. రెండు పాటలు పాడింది, మూడోదానికి గదంతా కాలిన వాసన. కొత్త బోర్డు నా జేబు నుంచే పెట్టిచ్చినా. కొన్ని ఐసీలు తమంతట తామే ఆగిపోతాయి, కొన్ని ఆగవు, పరీక్ష పెట్టే పని మనకెందుకు. మీ స్పీకర్ డబ్బాల వెనక నుంచి ఎన్ని వైర్లు వస్తున్నాయో ముందు లెక్కపెట్టు.

బండల_ఇల్లు (అనంతపురం):

మామా, ఇప్పుడే బీరువా జరిపి చూసినా. మూడే!! ఎరుపు ఒకటి, పసుపు ఒకటి, నలుపు ఒకటే, గోడ మూలలో నలుపుకు ముడేసి టేపు చుట్టి ఉంది. మీరు చెప్పకపోతే నేనూ అట్లాగే బిగించేవాణ్ణి. నాలుగో వైరు లాగుతా. ల్యాప్‌టాప్ ఛార్జర్ సంగతి ఎవరూ తేల్చలేదు, మధ్యలో సన్న పిన్ను ఒకటుంది, దానివల్ల ఇబ్బందా?

బురుజు_పక్కన (కర్నూలు):

ఆ సన్న పిన్ను ల్యాప్‌టాప్ తన ఛార్జరేనా కాదా అని గుర్తు పట్టడానికి, యాంపుకు దాంతో పనిలేదు. కానీ ఆ జాక్ యాంప్‌లో దూరదు, మామూలుగా ఇవి 5.5 మిల్లీమీటర్ల గుండ్రని జాక్‌తో వస్తాయి. మార్చుకునే కన్వర్టర్ పిన్ను దొరుకుతుంది, ఎలక్ట్రానిక్స్ సామాన్ల కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డు దాకా పోనక్కర్లేదు. పెట్టే ముందు మీటర్‌తో చూడు, లోపలి వైపు ప్లస్, బయట మైనస్ రావాల. 19 వోల్టులు ఈ ఐసీకి హాయి. 12 వోల్టులది మాత్రం వద్దు, సెట్ టాప్ బాక్స్ అడాప్టర్ ఒకటీ రెండు ఆంపులకే చేతులెత్తేస్తుంది, బేస్ కొట్టినప్పుడల్లా యాంప్ ఆగి మళ్లీ లేస్తుంది.

కరెంటు పోతే ఏం చేయాలంటే, ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులే కదా, ఈ యాంప్ నేరుగా దాని మీదే నడుస్తుంది, మధ్యలో ఏసీ చేసి మళ్లీ డీసీ చేసే గోల లేదు. బ్యాటరీ దగ్గరే 5 ఆంప్స్ ఫ్యూజు ఒకటి తప్పకుండా పెట్టు, బ్యాటరీ వైర్లు షార్టయితే అడాప్టర్ లాగా ఊరుకోదు.

వాట్లు తక్కువని భయపడొద్దు. నీ స్పీకర్ ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం, ఆ సైజు వాటికి మామూలుగా అంతే ఉంటుంది. 10 వాట్లకు 98. మనం మాట్లాడుకునే గొంతు 60 దగ్గర ఉంటుంది. 10 ని 20 చేస్తే పెరిగేది మూడే డెసిబెల్స్, పక్కింటోళ్లు కూడా గుర్తుపట్టరు. నీ గదిలో అసలు సమస్య ఆ బండలు. శబ్దం నేల మీద పడి అద్దంలో వెలుతురులా తిరిగొస్తుంది, మాట గింగుర్లు పోతుంది. స్పీకర్ల ముందు ఒక మందపాటి జంఖానా పరిచి చూడు, కొత్త యాంప్ కంటే ఎక్కువ తేడా వస్తే నన్ను అడగొద్దు.

మీడియంవేవ్_తాత (తాడిపత్రి):

ఇంట్లో ఎవరైనా రేడియో వింటారా? అది అడక్కుండా క్లాస్ డీ కొనిపిస్తున్నారు మీరంతా. ఈ టీపీఏ3116 ఐసీ సెకనుకు నాలుగు లక్షల సార్లు మొదలుకొని పన్నెండు లక్షల సార్ల దాకా ఆన్ ఆఫ్ అవుతుంది, ఎంతన్నది బోర్డు చేసేవాడు పెట్టుకున్నదాన్ని బట్టి. ఆకాశవాణి కడప స్టేషన్ మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు తొమ్మిది లక్షలు. సరిగ్గా ఆ స్టేషన్ ఉండే చోటికే వచ్చి కూర్చుంటుంది ఈ గోల. స్పీకర్ వైరు ఏరియల్ లాగా పనిచేసి ఇల్లంతా చల్లుతుంది. ఈ ఐసీ చేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు, రేడియో స్టేషన్‌ను తప్పించుకోవడానికి ఆ వేగాన్ని మార్చుకునే పిన్నులు కూడా పెట్టినారు, కానీ చవక బోర్డుల్లో వాటిని ఏదో ఒకదానికి అతికించి వదిలేస్తారు.

పాత మనుషులకు గుర్తుండే ఉంటుంది, ట్రైపాత్ అని ఒక కంపెనీ 1998 ప్రాంతంలో టీఏ2020, ఆ తర్వాత టీఏ2024 అనే ఐసీలు తెచ్చింది, ప్లాస్టిక్ డబ్బాలో బ్యాటరీలతో నడిచే చిన్న యాంపు వేల డాలర్ల సెట్లతో పోటీ పడుతుందని ప్రపంచమంతా గోల గోల. 2007 లో ఆ కంపెనీ దివాలా తీసింది గానీ ఈ చవక డబ్బాల మోజు అక్కడ నుంచి మొదలైందే. నా దగ్గర ఆ టీఏ2024 బోర్డు ఇంకా నడుస్తోంది, అది ఆన్ చేస్తే మా ఇంట్లో కడప స్టేషన్ మాయం.

బండల_ఇల్లు (అనంతపురం):

తాతా, మీరు చెప్పింది చదివి నవ్వుకున్నా, నిన్న సాయంత్రం నవ్వు పోయింది.

జరిగింది చెప్తా. టీపీఏ3116 డబ్బా, 24 వోల్టుల అడాప్టర్‌తో కలిపి నా బడ్జెట్‌లోనే వచ్చింది. ముందు 19 వోల్టుల ఛార్జర్‌తో పెట్టి చూసినా, మీటర్‌లో 19.4 చూపించింది, తర్వాత 24 తో చూసినా, నా చెవికి రెండింటికీ తేడా తెలియలేదు. వాల్యూమ్ సగం కూడా తిప్పలేకపోయినా, కిటికీ రెక్కలు అదిరినాయి. మోత అసలు లేదు. ట్వీటర్‌కు చెవి ఆనిస్తే సన్నగా స్‌స్ అని వినిపిస్తుంది, రెండడుగులు జరిగితే అదీ లేదు. జంఖానా సంగతి నిజం, ఘంటసాల గొంతు ఇంతకుముందు బావిలోంచి వచ్చినట్టుండేది, ఇప్పుడు మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంది.

ఏడు గంటలకు మా నాయన ట్రాన్సిస్టర్ పెట్టినాడు. కర్ర్ర్ మని ఒకటే గోల, మాట ఒక్కటి అర్థం కాలేదు. కొత్త పెట్టె ఆపు ముందు అన్నాడు. ఆపితే స్టేషన్ వచ్చింది, ఆన్ చేస్తే పోయింది, నాలుగుసార్లు చేసి చూసినాం. స్పీకర్ వైర్లు మెలేసి పొట్టిగా చేసినా, రేడియోను అవతలి గోడకు పెట్టి అడ్డంగా తిప్పినా, సగం తగ్గింది. సగం తగ్గితే ఆయనకు చాలదు.

చివరికి మామ చెప్పినట్టు పాత పెట్టె విప్పినా. కండెన్సర్ 2200, 25 వోల్టులది, పైమూత ఇడ్లీలా ఉబ్బి ఉంది. 4700 ది తెచ్చి, పక్క వీధి కుర్రాడితో వేయించినా, గుయ్ మోత పోయింది. ఇప్పుడు హాల్లో నాయన 4440, పక్కన ఆయన రేడియో. కొత్త డబ్బా నా గదిలోకి వచ్చింది, దానికి స్పీకర్లు లేవు. 8 ఓమ్స్‌వి, సెకండ్ హ్యాండ్‌వి, అనంతపురం చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండన్నా.

సోల్డరింగ్_మామ (ప్రొద్దుటూరు):

ఒక జత ఉంది నా దగ్గర, నాలుగు వైర్లే. వచ్చి చూసుకో.