తీరం దాటే చోటు ముఖ్యమా, వాన పడే చోటు ముఖ్యమా?

వానలెక్క (మైలవరం)
నిన్న వేరే చర్చలో ఒక సభ్యుడు ఇలా రాశారు: "2024లో తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందని ముందే చెప్పారు. అక్కడివాళ్లు జాగ్రత్తపడ్డారు, బెజవాడవాళ్లు పడలేదు, అందుకే మునిగారు." ఈ మాట మీద విడిగా మాట్లాడుకుందామని ఇది మొదలుపెడుతున్నా.

ముందుగా, అది తుపాను కాదు, వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను అంటారు, అప్పుడే పేరు పెడతారు. దానికి పేరే లేదు. సెప్టెంబరు 1న, శనివారం అర్ధరాత్రి దాటాక, కళింగపట్నం దగ్గర ఒడ్డెక్కింది. అక్కడి నుంచి బెజవాడ 400 కిలోమీటర్ల పైనే. అయినా కుండపోత పడింది ఇక్కడ, ఖమ్మంలో, మానుకోటలో (మహబూబాబాద్). రుతుపవనాల రోజుల్లో వాయుగుండానికి నైరుతి వైపే వాన ఎక్కువ. మనం ఉన్నది ఆ వైపే. కానీ మ్యాపులో అందరం తీరం దాటే చోట పెట్టిన చుక్కనే చూస్తాం. చుక్క శ్రీకాకుళంలో ఉంటే మనకేం భయంలే అని పడుకుంటాం.

నేననేది ఒకటే. నెమ్మదిగా నడిచేవాటికి తీరం ఎక్కడ దాటుతుందన్నది అనవసరం. మేఘం ఏ వాగు నెత్తిన నిలబడిందో చూడాలి.

లంకరైతు (రేపల్లె వైపు)
మాస్టారూ, "అనవసరం" అన్న మాట వెనక్కి తీసుకోండి. సముద్రం పక్కన బతకనివాళ్లు అనే మాట అది. 1977 నవంబరు 19న దివిసీమలో జనాన్ని చంపింది వాన కాదు, ఉప్పెన. ఉప్పెన ఎక్కడ లేస్తుందో తెలియాలంటే తీరం దాటే చోటే తెలియాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ మా బాపట్ల దగ్గరే దాటింది. ఆ చోటు ముందే చెప్పబట్టే మా ఊళ్లో పడవలన్నీ ఒడ్డుకు లాగి కట్టుకున్నారు.

వానలెక్క
లంకరైతు గారూ, నేను నెమ్మదిగా కదిలేవాటి గురించి మాత్రమే అన్నాను. మిచౌంగే తీసుకోండి. అది చెన్నై మీద తీరం దాటలేదు. డిసెంబరు 3, 4 తేదీల్లో సముద్రంలోనే ఉండి, తీరం పక్కనే మెల్లగా పైకి పాకింది. అంతలోనే చెన్నై మునిగింది.

చెన్నపట్నం తెలుగు
నిజం. మాది వేళచ్చేరి. తుపాను మీ ఆంధ్రాలో దాటుతుందని తెలిసి మా అపార్ట్‌మెంటులో ఊపిరి పీల్చుకున్నాం. తెల్లారేసరికి సెల్లార్‌లో కార్లు తేలాయి.

పాయకాపురం
పొద్దున్నుంచి చూస్తున్నా. తుపానా, వాయుగుండమా అని వాదిస్తున్నారు. బెజవాడ పాయకాపురంలో మా వీధిలో నీళ్లు పీకల్దాకా వచ్చినప్పుడు దాని పేరేంటని ఎవరూ అడగలేదండీ.

వానలెక్క
పేరుతో పని ఉంది, అందుకే పట్టుబడుతున్నా. ఆ పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. వానకు వాటితో సంబంధం లేదు. పేరున్న తుపానంటే టీవీలు మూడు రోజులు గంటగంటకీ చూపిస్తాయి, బళ్లకు సెలవిస్తారు, కూరలు కొని పెట్టుకుంటారు. "వాయుగుండం" అనగానే గొడుగు తీసుకుని బయల్దేరతారు.

లంకరైతు
గంటకు 62 అన్నారు. మా చిన్నప్పుడు రేడియోలో 60 అనేవాళ్లు.

వానలెక్క
61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను.

లంకరైతు
ఒక్క కిలోమీటరు తేడాకి పేరు మారుతుందా? సముద్రం మధ్యలో ఆ ఒక్కటీ ఎవరు కొలిచారు? ఉపగ్రహం బొమ్మ చూసి వేసే అంచనాయే కదా.

వానలెక్క
అంచనాయే. నేనూ అదే అంటున్నా, ఆ అంకె పట్టుకుని వేలాడొద్దని.

లంకరైతు
పట్టుకున్నది మీరే. "అది తుపాను కాదు" అని మొదలుపెట్టింది మీరే.

హ్యూస్టన్ నుంచి
నేను ఇక్కడ 2017లో హార్వీ చూశాను. ఆగస్టు 25న రాక్‌పోర్ట్ దగ్గర నాలుగో స్థాయి హరికేన్‌గా ఒడ్డెక్కింది. హ్యూస్టన్‌కి అది చాలా దూరం. తర్వాత గాలి తగ్గింది, టీవీలో స్థాయి దించారు. మాకు నీళ్లు వచ్చింది స్థాయి దించిన తర్వాతే. అక్కడక్కడే తిరుగుతూ నాలుగు రోజులు కురిసింది. టెక్సస్‌లో ఒకచోట మొత్తం 150 సెంటీమీటర్లు దాటింది. వానలెక్క గారి మాటతో నేను ఏకీభవిస్తాను.

మానుకోట
మా దిక్కు సంగతి ఎవరూ మాట్లాడుతలేరు. ఇంటికన్నె, కేసముద్రం మధ్యల రైలు పట్టాల కింద మట్టి మొత్తం కొట్టుకపోయింది, పట్టాలు గాలిల వేలాడినయ్. మా వాగుల నీళ్లు ఆకేరుల పడ్డయ్, అది తీర్థాల కాడ మున్నేరుల కలిసింది, మున్నేరు ఖమ్మంల ఇండ్లమీదికి వచ్చింది. గా మున్నేరు పొయ్యి కలిసేది కృష్ణలనే, పులిచింతల డ్యాము దాటినంక. అంటే నడుమ ఆపే డ్యామే లేదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ కాడ 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిందంటే అండ్ల మా వాన గూడ ఉన్నది. బెజవాడోళ్లు బెజవాడ ఆకాశమే చూస్తే ఎట్ల తెలుస్తది?

వానలెక్క
అన్నా, నేను చెప్పాలనుకున్నది నాకంటే బాగా చెప్పారు. వార్తల్లో జిల్లాల పేర్లు చదువుతారు. నీళ్లు జిల్లాల వెంట నడవవు, వాగుల వెంట నడుస్తాయి. పైగా మనం వినే వాన లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటితే "అత్యంత భారీ" అంటారు. అదే 20 ఆరు గంటల్లో పడితే బుడమేరు లాంటి వాగుకు అది వేరే వాన. ఆ తేడా మర్నాటి అంకెలో కనిపించదు. రాడార్‌లో అప్పటికప్పుడే కనిపిస్తుంది. మచిలీపట్నం రాడార్ బొమ్మలు ఎవరైనా చూడొచ్చు.

లంకరైతు
బాగుంది. రాడార్ ఉంది, టీవీలున్నాయి, ఫోన్లకు మెసేజీలొస్తున్నాయి. శనివారం పగలంతా భారీ వాన అని చెప్తూనే ఉన్నారు. బెజవాడలోనే మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడింది పట్టపగలు. అయినా అదే ఊళ్లో బుడమేరు పక్కనున్న సింగ్‌నగర్ వాళ్లు కదల్లేదు. హెచ్చరిక లేక కాదు, వినక. ఎంత చెప్పినా కదలనివాళ్లకి ఎవరేం చేస్తారు?

పాయకాపురం
మీరు పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నాను. కానీ ఈ మాట చాలామంది అంటున్నారు, అందుకే మొత్తం రాస్తాను.

శనివారం రాత్రి మా వీధిలో వాన నీళ్లు పాదాలు తడిసేంతే. ప్రతి ఏడాదీ నిలిచేవే. ఆదివారం పొద్దున వాన తగ్గింది. మా నాన్న పాల ప్యాకెట్ కోసం కిందికి దిగారు. నీళ్లు ఆకాశం నుంచి రాలేదు, వీధి చివర మురుగు కాలవలోంచి పైకి పొంగుతూ వచ్చాయి. ఎర్రగా, బురదగా. మా ఇంటి మెట్లు పద్నాలుగు. ఏడింటికి రెండో మెట్టు మునిగింది. ఎనిమిదిన్నరకు ఆరోది. నాన్న సుద్దముక్కతో ప్రతి మెట్టు మీదా టైము రాశారు, నీళ్లొచ్చి చెరిపేస్తుంటే పై మెట్టు మీద మళ్లీ రాశారు. పదో మెట్టు దగ్గర ఆగింది. కింద వాటాలో ఉన్న పెద్దావిడని నేనూ, పక్కింటి అబ్బాయీ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశాం. మూడు రోజులు పైనే ఉన్నాం. డాబా మీద గిన్నెలు పెట్టి వాన నీళ్లు పట్టుకుని తాగాం.

మాకు చెప్పింది "భారీ వాన". ఎక్కడో కొండపల్లి వైపు బుడమేరుకు గండ్లు పడ్డాయని, ఆ నీళ్లు మా మీదకు వస్తున్నాయని ఎవరూ చెప్పలేదు. మా ఇంటి మీద పడే వాన గురించి విన్నాను నేను. విననిది ఏది? చెప్పండి.

చెన్నపట్నం తెలుగు
లంకరైతు గారూ, ఆ "వినక" అన్న మాట మీరు తీసేయాలి.

మానుకోట
అవును. తియ్యాలె.

వానలెక్క
నేనూ ఒకటి చెప్పాలి. చాలా రోజులుగా చెప్పలేకపోతున్నా.

బుడమేరు మా మైలవరం కొండల వైపు నుంచే వస్తుంది. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి కృష్ణలో, బ్యారేజీకి పైన కలుపుతారు. అప్పటికి ఆ కాలవ పట్టేది 15,000 క్యూసెక్కులని అందరికీ తెలిసిందే. కృష్ణ కూడా నిండుగా ఉంటే ఆ నీళ్లు అటు దిగవు. శనివారం రాత్రి మా డాబా మీద వానమాపకం నిండింది. పారబోశాను. మళ్లీ నిండింది. మూడోసారి గొడుగు కూడా పట్టలేక తడుస్తూ పారబోశాను. రాడార్‌లో చూస్తే గట్టి వానను చూపించే ఎరుపు మా మీద నుంచి కదలడం లేదు. ఒక మేఘం కరిగేలోపు అదే చోట ఇంకోటి. కింద సింగ్‌నగర్‌కి నీళ్లొస్తాయని నాకు అనిపించింది. ఈ వేదికలోనే రాయబోయాను. నాలుగు లైన్లు టైప్ చేసి తీసేశాను.

ఎందుకంటే అంతకుముందు 2023 నవంబరులో అల్పపీడనం మన కోస్తా మీదకు వస్తుందని నా సొంత అంచనా ఇక్కడ పెట్టాను. అది మలుపు తిరిగి మిథిలి తుపానుగా బంగ్లాదేశ్‌లో దాటింది. అప్పుడు తిన్న మాటలు నాకు గుర్తున్నాయి.

లంకరైతు
ఆ మాటలన్నది నేనే. దాచుకోను.

మీ పోస్టు చూసి గింజ పూర్తిగా తోడుకోకుండానే రెండెకరాలు కోయించాను. కోత మిషనుకు అడిగినంతా ఇచ్చాను. నాలుగు రోజులు ఎండ కాసింది. పచ్చి గింజని మిల్లులో తీసుకోలేదు. మూడు వారాలు తిరక్కుండా మిచౌంగ్ వస్తుందన్నారు. ఈసారి నమ్మలేదు. మిగతా మూడెకరాలు పైరు మీదే ఉంచాను. పడిపోయి, నీళ్లలో నాని, కంకి మీదే మొలకలొచ్చాయి. చేత్తో పట్టి ఎత్తితే తెల్లగా వేళ్లు. తేమ 17 శాతం లోపుంటేనే కొంటామన్నారు. ఆ ధాన్యం తేమ కొలిచే దశలోనే లేదు. నేను కౌలు రైతును. పరిహారం పొలం ఎవరి పేరు మీదుంటే వాళ్ల ఖాతాలో పడింది.

అందుకే చెప్తున్నా, అనుమానం మీద అరవకండి. తప్పు హెచ్చరికకి డబ్బు కట్టేది నేను.

పాయకాపురం
నాకు అనుమానం ఉన్నా చెప్పాలి. తప్పైతే ఏమవుతుంది? ఒక రాత్రి మా అక్క వాళ్లింట్లో పడుకుని వస్తాం. వానలెక్క గారు ఆ నాలుగు లైన్లు పెట్టి ఉంటే కింద వాటా సామానైనా పైకి ఎక్కించేవాళ్లం.

లంకరైతు
నీకు ఒక రాత్రి, నాకు ఒక కారు పంట.

పాయకాపురం
నా ప్రాణాలకంటే మీ పంట ఎక్కువా?

లంకరైతు
ఎక్కువని ఎప్పుడన్నాను బాబూ? ఇద్దరికీ ఒకటే మెసేజీ పెడితే ఎలా అంటున్నాను.

ముందు అన్న మాట తీసేస్తున్నా. మీ వీధి సంగతి నాకు తెలియదు. మెట్ల మీద సుద్ద గీతలు చదివాక ఉండబట్టలేదు.

మానుకోట
గిదే అసలు మాట. పొద్దటిసంది తుపాను, వాయుగుండం అని కొట్లాడిన్రు. రైతుకు మూడు దినాల ముందు కావాలె, గట్టిగ తెలిస్తెనే కావాలె. ఇంట్లున్నోనికి మూడు గంటల ముందు చాలు, అనుమానమున్నా సరే. రెండు ఒక్కతీరుగ చెప్పుడేంది?

వానలెక్క
మూడు రోజుల ముందు ఎవరూ గ్రామం పేరుతో చెప్పలేరు అన్నా. నేనైతే అస్సలు చెప్పలేను. మూడు గంటల ముందు ఏ వాగు పొంగుతుందో మాత్రం రాడార్, మన వానమాపకాలు కలిపి చూస్తే చెప్పొచ్చు. లంకరైతు గారూ, ఇక మీదట రోజుల ముందు అంచనా నేను పెట్టను. అది వాతావరణ శాఖకే వదిలేస్తా.

లంకరైతు
పెట్టండి. కాకపోతే ఇది మీ ఊహ అని పైనే రాయండి. కోయాలో వద్దో నేను చూసుకుంటా. తీరం దాటే చోటు మాత్రం అనవసరం అనకండి. అది నేను ఒప్పుకోను.

వానలెక్క
సరే, ఉప్పెనకు అది కావాలి. ఆ పదం దిద్దుతున్నా.

హ్యూస్టన్ నుంచి
మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెం వైపు ఇంకెవరి దగ్గరైనా వానమాపకం ఉందా? ఒక్కరి లెక్క చాలదు కదా.

పాయకాపురం
మా బావమరిది జి.కొండూరులో ఉంటాడు. వాడి డాబా మీద పెట్టిస్తాను, ఎలాంటిది కొనాలో చెప్పండి. వానలెక్క గారూ, రాత్రి రెండైనా సరే పెట్టండి. నేను ఫోన్ మోగేలా పెట్టుకుంటా. వాన మొదలైతే మా నాన్న ఎలాగూ నిద్రపోవడం లేదు. కిందికి దిగి మొదటి మెట్టు మీద కూర్చుంటున్నారు.