'సామాజికవర్గం' అంటే కులమేనా? అమరం నుంచి అంబేద్కర్ దాకా ఒక చర్చ

ప్రశ్న: గ్రూపులోని పెద్దలకు నమస్కారం. పేపర్లో 'ఫలానా సామాజికవర్గానికి చెందిన నాయకుడు' అని రాస్తారు. పేజీ తిప్పితే 'పార్టీలో భగ్గుమన్న వర్గపోరు' అని ఉంటుంది. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ మేడమ్ 'వర్గపోరాటం' అంటూ మార్క్స్ పాఠం చెప్పారు. ఈ మూడు చోట్లా వర్గం ఒకటేనా? కులం అనాల్సిన చోట సామాజికవర్గం అనడం సరైన తెలుగేనా?

జవాబు: మంచి ప్రశ్న అండీ. ముందు అమరకోశం (అమరసింహుడి సంస్కృత నిఘంటువు, దాన్నే అమరం అంటారు) దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మీరడిగిన మాటలన్నీ అక్కడ ఒకే చోట ఉన్నాయి. ద్వితీయకాండం, సింహాదివర్గం చివర్లో గుంపులకు పేర్లు చెప్తూ అమరసింహుడు ఇలా అంటాడు:

వృందభేదాః సమైర్వర్గః సంఘసార్థౌ తు జంతుభిః
సజాతీయైః కులం యూథం తిరశ్చాం పుంనపుంసకమ్
పశూనాం సమజోఽన్యేషాం సమాజోఽథ సధర్మిణామ్
స్యాన్నికాయః...

గుంపుల్లో రకాలు ఇవీ అంటున్నాడు. ఒకేలాంటివాటి గుంపు వర్గం. ప్రాణుల గుంపు సంఘం, సార్థం. ఒకే జాతివాటి గుంపు కులం. జంతువుల మంద యూథం. పశువుల గుంపు సమజం, తక్కినవాళ్ల గుంపు సమాజం. ఒకే ధర్మం ఉన్నవాళ్ల గుంపు నికాయం. ఈనాటి సోషియాలజీ పాఠంలో సగం మాటలు ఈ నాలుగు పాదాల్లో దొరుకుతాయి. అమరసింహుడు చెప్పిన కులం ఇప్పటి కులమేనని నేననను. సింహాలూ ఏనుగులూ పక్షులూ ఉన్న అధ్యాయం అది, మందలకూ ఆ మాట వర్తిస్తుంది. గమనించాల్సింది ఆయన వేసిన గీత. వర్గానికి 'సమైః' అన్నాడు, అంటే ఏదో ఒక పోలిక ఉంటే చాలు. కులానికి 'సజాతీయైః' అన్నాడు, అంటే పుట్టుక కావాలి.

పోలిక ఉంటే చాలు కాబట్టే వర్గం తెలుగులో ఎక్కడ పడితే అక్కడ ఇమిడిపోయింది. కవర్గ, చవర్గ, అరిషడ్వర్గాలు, మంత్రివర్గం, కార్యవర్గం, నియోజకవర్గం. పాలకవర్గం అంటే దేవస్థానం కమిటీ కావచ్చు, మార్క్స్ చెప్పిన రూలింగ్ క్లాస్ కావచ్చు. పార్టీలో వర్గపోరు అంటే ఇద్దరు నాయకుల అనుచరుల గొడవ. అక్కడ పోలిక ఒక్కటే, అందరూ ఒకే నాయకుడి మనుషులు. అంతకుమించి లోతు లేదు.

మార్క్స్ వర్గం వేరు. వర్గాలు ఉన్నాయని కనిపెట్టిన ఘనత తనది కాదని ఆయనే 1852 మార్చి 5న తన మిత్రుడు వైడెమెయర్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. తనకన్నా ముందే బూర్జువా చరిత్రకారులు వర్గాల పోరాటాన్ని వర్ణించారన్నాడు. ఆయన కొత్తగా చెప్పింది, వర్గాలు ఉత్పత్తి ఎదుగుదలలో ఆయా దశలకు కట్టుబడి పుడతాయని, ఆ పోరాటం చివరికి వర్గాలే లేని సమాజానికి దారితీస్తుందని. భూమి, యంత్రం, పెట్టుబడి ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరు కూలికి శ్రమ అమ్ముకుంటున్నారు అన్నదే ఇక్కడ పోలిక.

అయితే పోలిక ఉన్నంత మాత్రాన వర్గం తయారైపోదని కూడా ఆయనకు తెలుసు. 1847లో ఫ్రెంచ్ సోషలిస్టు ప్రూధోన్‌కు జవాబుగా రాసిన పుస్తకంలో, పరిస్థితుల వల్ల ఒక్కచోట చేరిన కూలిజనం పెట్టుబడి ఎదుట అప్పటికే ఒక వర్గమే గానీ తనకోసం తాను నిలబడిన వర్గం ఇంకా కాలేదంటాడు. పోరాటంలోనే ఆ రెండోది అవుతుందంటాడు. ఫ్రాన్స్ చిన్న రైతుల గురించి 1852లో రాస్తూ వాళ్లను గోనెలో పోసిన బంగాళాదుంపలన్నాడు. బతుకులన్నీ ఒకేలా ఉన్నా ఒకరికొకరికి సంబంధం లేదని ఆయన ఉద్దేశం. మన 'వర్గస్పృహ' అన్న మాట వెనకున్న ఆలోచన ఇదే.

ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది. మార్క్స్ 'పెట్టుబడి' (కేపిటల్) గ్రంథం మూడో సంపుటాన్ని ఆయన పోయాక సహచరుడు ఎంగెల్స్ 1894లో అచ్చు వేయించాడు. దాని ఆఖరి అధ్యాయం, 52వది, పేరు 'వర్గాలు'. 'వర్గం అంటే ఏమిటి?' అని ప్రశ్న వేసుకుంటాడు. కూలివాళ్లు, పెట్టుబడిదార్లు, భూస్వాములు అని మూడు చెప్తాడు. ఆదాయం వచ్చే దారి ఒకటైతే వర్గం ఒకటే అనుకుంటే డాక్టర్లు, ప్రభుత్వోద్యోగులు కూడా చెరో వర్గం అవ్వాలి కదా అంటాడు. ఇంకో రెండు మాటల తర్వాత రాతప్రతి ఆగిపోతుంది. అందుకే ఎవరైనా వర్గానికి ఒక్క వాక్యంలో నిర్వచనం చెప్పేస్తుంటే నేను కొంచెం ఆగి వింటాను.

ఇక మీ అసలు ప్రశ్న. సామాజికవర్గం అన్నప్పుడు మనవాళ్లు చెప్తున్నది ఆస్తినో పనినో కాదు, పుట్టుకను. అంటే అమరంలో 'సజాతీయైః' కిందికి వచ్చేదాన్ని తీసుకెళ్లి 'సమైః' కింద పెడుతున్నారు. మాట మర్యాదగా ఉంది, నిజమే. ఈ మర్యాద నాకు నచ్చదు. కౌలురైతూ, అతనికి పొలం కౌలుకిచ్చి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే ఆసామీ ఒకే కులం అయితే పేపరు ఇద్దర్నీ ఒకే 'వర్గం' చేసేస్తుంది. మార్క్స్ లెక్కన వాళ్లు ఎదురెదురు వర్గాలు. ఇక్కడ కులం అన్న మాట ఒక్కటే పోవడం లేదు, వర్గం అన్న మాటకున్న పదును కూడా పోతోంది.

వ్యాఖ్య: మాష్టారూ, కులం పేరు ఎత్తితేనే గొడవలవుతున్నాయి. కొన్ని కులాల పేర్లు తిట్లుగా వాడారు. మెత్తటి మాట వాడితే తప్పేముంది?

జవాబు: తిట్టుగా మారిన పేరు వద్దనే హక్కు ఆ తిట్టు పడినవాళ్లకు ఉంది, ఆ పని వాళ్లు చేశారు కూడా. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో అంటరానివాళ్లని ముద్రవేసి పిలిచిన 'పంచములు' అన్న పేరు తోసిపుచ్చి 'ఆది ఆంధ్రులు' అన్న పేరు పెట్టుకున్నారు. తర్వాత 'దళిత' అన్న మాట అలాగే నిలబడింది. అవి తామెవరో తామే చెప్పుకున్న పేర్లు. సామాజికవర్గం అలాంటిది కాదు, దాన్ని ఏ ఒక్కరూ తమ పేరుగా ఎంచుకోలేదు. పైగా అది ఎక్కువగా వినబడేది టికెట్ల పంపకాలప్పుడు, 'ఆ సామాజికవర్గం ఓట్లు ఎటు' అనే లెక్కల్లో. అక్కడ ఎవరి మనసు నొచ్చుకోకుండా కాపాడుతున్నాం మనం?

వ్యాఖ్య: ప్రభుత్వమే వెనుకబడిన 'తరగతులు' అంటోంది కదా. బీసీ అంటే క్లాసే, క్యాస్ట్ కాదు. మరి రాజ్యాంగం కూడా కలిపేసినట్టేనా?

జవాబు: బాగా పట్టుకున్నారు. 1951లో రాజ్యాంగం మొదటి సవరణతో వచ్చిన 15(4) అధికరణలో 'సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులు' అనే ఉంది. తరగతి అంటే ఏమిటన్నది కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. 1962లో బాలాజీ కేసులో సుప్రీంకోర్టు కులమొక్కటే కొలమానం కారాదంది. 1968లో రాజేంద్రన్ కేసులో కులం కూడా పౌరుల్లో ఒక తరగతేనని, ఆ కులం మొత్తంగా వెనుకబడి ఉంటే రిజర్వేషన్ ఇవ్వొచ్చని చెప్పింది. 1972లో మన ఆంధ్రప్రదేశ్ బీసీ జాబితా బలరాం కేసులో ఆ దారినే నిలబడింది. 1992లో ఇంద్రా సాహ్నీ (మండల్ కేసు) తీర్పు కూడా కులం ఒక సామాజిక తరగతి కావచ్చనే చెప్పింది. ఇక్కడ తేడా చూడండి. కోర్టులు కులాన్ని దాచలేదు. కులం ఎప్పుడు తరగతిగా లెక్కకు వస్తుంది, దేన్ని చూసి, అని బాహాటంగా వాదించాయి. మన అప్లికేషన్ ఫారాల్లో కూడా 'కులం' అనే గడి ఉంటుంది.

వ్యాఖ్య: నేను మార్క్సిస్టుని. పునాది ఆర్థికం, కులం ఉపరితలం. పునాది మారితే కులం తనంతట తనే పోతుంది. అలాంటప్పుడు రెండిటికీ వర్గం అన్న మాట చాలు కదా?

జవాబు: ఈ వాదానికి సూటి జవాబు 1936లోనే ఉంది. లాహోర్‌లో జాత్-పాత్ తోడక్ మండల్ (కులాన్ని పోగొట్టాలన్న సంఘం) సభకు అంబేద్కర్ రాసిన అధ్యక్షోపన్యాసం నిర్వాహకులకు మింగుడుపడలేదు, సభే రద్దయింది. ఆయన దాన్ని 'కుల నిర్మూలన' పేరుతో సొంతంగా అచ్చు వేశాడు. అందులో సోషలిస్టులను నేరుగా అడుగుతాడు: విప్లవం తర్వాత తనను సమానంగా చూస్తారని, కులభేదం ఉండదని నమ్మకం లేకపోతే ఆస్తి సమానం చేసే విప్లవంలోకి మనిషి ఎందుకు వస్తాడు? కులం శ్రమ విభజన మాత్రమే కాదని, శ్రామికుల విభజన కూడా అని, ఆ విభజన మెట్లు మెట్లుగా ఒకరి మీద ఒకరిని నిలబెట్టిందని అందులోనే అన్నాడు. మార్క్స్ చెప్పినట్టు కూలిజనం తనకోసం తాను నిలబడే వర్గం కావాలంటే మన దగ్గర అడ్డం పడేది ఇదే. మీరు వర్గపోరాటాన్ని నమ్మేవారైతే ఈ రెండు మాటలూ విడిగా ఉండటం నాకంటే మీకే ఎక్కువ అవసరం.

అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1916 మే 9న, న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో మానవశాస్త్రవేత్త గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో పాతికేళ్ల అంబేద్కర్ ఒక పేపర్ చదివాడు. అందులో వాక్యం: కులం అంటే మూసేసుకున్న వర్గం. మొదట అన్ని సమాజాల్లోలాగే ఇక్కడా వర్గాలే ఉన్నాయని, అర్హత ఉంటే మనిషి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారగలిగేవాడని ఆయన వాదం. పురోహిత వర్గం పెళ్లిళ్లు తనలో తానే చేసుకోవడం మొదలుపెట్టి విడిపోయింది. కొందరు తలుపు వేసుకున్నారు, మిగతావాళ్లకు తలుపు మూసి ఉండటం కనిపించింది అంటాడు. ఆ తలుపు నిలబడటానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం వచ్చాయంటాడు. భాషాభిమానులకు పనికొచ్చే మాట ఇంకోటి కూడా ఉంది అందులో: కులం ఏకవచనంలో ఉండదు, కులాలు బహువచనంలోనే ఉంటాయి.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ కూడా కులాన్ని వర్గం కింద పెట్టలేదు. ఆయన లెక్కలో వర్గం మార్కెట్‌కు సంబంధించింది, కులం తలుపులు మూసుకున్న స్టేటస్ గ్రూపు, అంటే సంఘంలో హోదాను బట్టి ఏర్పడిన గుంపు. మాట వేరైనా అంబేద్కర్‌కు దగ్గరగానే ఉంది.

వ్యాఖ్య: సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా కూడా ఇదే అన్నారు కదా? కదలని వర్గం కులం, కదిలే కులం వర్గం అని.

జవాబు: వినడానికి ఒకేలా ఉంటాయి, లోపల తేడా ఉంది. లోహియా దృష్టిలో చరిత్ర కులానికీ వర్గానికీ మధ్య ఊగుతుంటుంది. బిగిసిన కులం సడలి వర్గమవుతుంది, సడలిన వర్గం బిగిసి కులమవుతుంది. ఇది అన్ని సమాజాలకూ వర్తిస్తుందని ఆయన అభిప్రాయం. అంబేద్కర్ అంత దూరం వెళ్లడు. మూసింది ఏమిటో పేరు పెట్టి చెప్తాడు, పెళ్లి. కాబట్టి తెరిచేది కూడా అదే. కులాంతర వివాహమే అసలు మందని 1936లో రాశాడు. కలిసి భోజనాలు చేసినంత మాత్రాన కులస్పృహ పోలేదన్నాడు.

ఆ మాట ఎంత నిజమో మన భాషే చెప్తుంది. ఆదివారం పేపర్లో పెళ్లి ప్రకటనల పేజీ తీయండి. మొదటి పేజీలో సామాజికవర్గం అని రాసిన పత్రికే ఇక్కడ కులం, శాఖ, గోత్రం అన్నీ పేర్లతో సహా అచ్చు వేస్తుంది. 'మీరేమిట్లు?' అని మొహమాటం లేకుండా అడిగేదీ సంబంధాలు చూసేటప్పుడే. 'కులపట్టింపు లేదు' అని ఎక్కడో ఒకటీ అరా కనిపిస్తుంది, అందులోనూ 'కులం' అనే ఉంటుంది. 'సామాజికవర్గ పట్టింపు లేదు' అన్న పెళ్లి ప్రకటన మీలో ఎవరికైనా కనబడితే ఇక్కడ పెట్టండి. నాకు ఇంతవరకు కనబడలేదు.