వీడియోలో డాక్టరుకు చూపించుకుంటే ఆ ఫీజుకు బీమా వర్తించదా?

ప్రశ్న (మార్కాపురం నుంచి)

నమస్కారం. రెండు నెలల క్రితం మా అమ్మకు హైదరాబాదులో మోకాలిచిప్ప మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి బిల్లును బీమా సంస్థ చెల్లించింది. అడుగు తీసి అడుగు వేయలేని మనిషిని మళ్లీ అంత దూరం తీసుకువెళ్లడం ఇష్టంలేక, మూడో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి గాయం మానిన తీరును, మోకాలు మడత పడే తీరును ఫోను కెమెరాలోనే డాక్టరుగారికి చూపించాము. ఆ రశీదులు పంపితే, ఆన్‌లైన్ సంప్రదింపు పాలసీలో లేదని తిప్పి పంపారు. ఇది సబబేనా?

జవాబు 1

సబబు కాదండి. కేంద్రం 2020 మార్చి 25న టెలిమెడిసిన్ (ఫోను, వీడియోల ద్వారా వైద్యం) మార్గదర్శకాలు వెలువరించింది. పాలసీ షరతుల్లో డాక్టరు సంప్రదింపునకు ఎక్కడ చెల్లింపు ఉందో అక్కడ టెలిమెడిసిన్‌నూ అనుమతించాలని అదే ఏడాది జూన్ 11న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బీమా సంస్థలకు సూచించింది. పాలసీలోని పరిమితులు మాత్రం యథాతథంగా ఉంటాయి. డిశ్చార్జి తరువాతి ఖర్చులకు మీ పాలసీలో ఎన్ని రోజుల గడువు ఉందో చూడండి. అన్ని సంస్థలూ ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీ అయితే 60 రోజులు. ముందు సంస్థలోని ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోగా జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు, రుసుమేమీ ఉండదు.

జవాబు 2

ఆపరేషన్ అయినవారికి ఈ నియమం మేలే చేస్తుంది. నా బాధంతా మా నాన్నగారిలాంటి షుగరు రోగుల గురించి. ఆసుపత్రిలో చేరితేనే డబ్బు వచ్చే పాలసీలో ఓపీ ఫీజుకే చోటు లేనప్పుడు, వీడియో సంప్రదింపును నేరుగా కలవడంతో సమానంగా చూసినా ఆయనకు రూపాయి రాదు. ఇన్సులిన్ మోతాదు సరిచూసుకోవడానికి ఒక్క ఫోను సరిపోయేది. ఫీజుకు వెనకాడి పాత చీటీతోనే నెలలు గడిపారు. చివరికి కాలి పుండుతో పది రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఆ ఖర్చంతా బీమా వారే భరించారు. ముందే ఆ ఫీజు ఇచ్చి ఉంటే వారికీ అంత ఖర్చు తప్పేది.

జవాబు 3

అటువంటివారు ఆన్‌లైన్‌లో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిని వాడుకోవచ్చు, ఫీజు లేదు. ప్రతిసారీ అదే డాక్టరు దొరకాలని లేదు కనుక పాత చీటీలన్నీ దగ్గర పెట్టుకుని మాట్లాడమనండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మా పాలసీలోనూ గడువు 60 రోజులే, రెండు రశీదులూ అందులోపువే. రెండో చీటీ మీద డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు లేదని ఇప్పుడే గమనించాను. అది వేయించుకుని రేపు ఫిర్యాదు పంపుతాను.